కణానికి చెల్లే న్యాయం మనిషికి చెల్లుతుందా?

మన శరీరంలో ప్రతిరోజూ కొన్ని వేల కోట్ల కణాలు చనిపోతాయి. మనకు నొప్పి తెలియదు, జ్వరం రాదు. పని పూర్తయిన కణం ముడుచుకుంటుంది, తన లోపలి సామగ్రిని తానే ముక్కలు చేసుకుంటుంది, చిన్న చిన్న మూటలుగా విడిపోతుంది. చుట్టూ ఉన్న కణాలు ఆ మూటలను మింగి చోటు శుభ్రం చేస్తాయి. దెబ్బ తగిలి చచ్చే కణం పగిలిపోయి చుట్టుపక్కల వాపు తెస్తుంది. ఇది అలాంటి చావు కాదు. కణం లోపల ముందే రాసి పెట్టి ఉన్న చావు.

1972లో జాన్ కెర్, ఆండ్రూ వైలీ, అలస్టెయిర్ కరీ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు దీనికి 'అపోప్టోసిస్' అని పేరు పెట్టారు. ఆ పేరును వారికి సూచించినవారు స్కాట్లాండులోని ఆబర్డీన్ విశ్వవిద్యాలయంలో గ్రీకు భాష బోధించే ఆచార్యులు. చెట్టు నుండి ఆకులు, పువ్వు నుండి రేకులు రాలడాన్ని గ్రీకులో ఆ మాటతో చెబుతారట. తల్లి గర్భంలో శిశువు చేయి మొదట తెడ్డులా ఉంటుంది. మధ్యనున్న కణాలు రాలిపోతేనే అయిదు వేళ్ళూ విడివడతాయి. మట్టిలో బతికే ఒక సన్నని పురుగు ఎదుగుదలలో 1090 కణాలు పుడితే అందులో 131 కచ్చితంగా చనిపోతాయి. అవి ఎప్పుడు, ఎలా చనిపోతాయో, ఏ జన్యువులు వాటిని నడిపిస్తాయో కనిపెట్టిన పరిశోధనకు 2002లో సిడ్నీ బ్రెన్నర్, రాబర్ట్ హార్విట్జ్, జాన్ సల్స్టన్‌లకు నోబెల్ బహుమతి లభించింది.

ఇది వినగానే మనకు ఒక నీతి స్ఫురిస్తుంది. 'చూశారా, ఒక్క కణం తనను తాను అర్పించుకుంటే దేహమంతా బతుకుతుంది. మనమూ అలాగే కుటుంబం కోసం, సంఘం కోసం మనల్ని మనం అర్పించుకోవాలి' అని. ప్రసంగంలో చెప్పుకోవడానికి ఎంతో అనువైన పోలిక. కాని ప్రియ పాఠకులారా, ఒక్క నిమిషం ఆగుదాం. ఈ నీతి నిజంగా ప్రకృతిలో ఉందా? ఉంటే అది ఎవరు ఎవరికి చెప్పవలసిన నీతి? ఈ ప్రశ్నను మూలుగ మార్పిడి అనే వైద్యం దగ్గర నిలబెట్టి చూద్దాం. అక్కడ కణాల చావూ ఉంది, మనుషుల త్యాగమూ ఉంది.

మూలుగ మార్పిడిలో జరిగేది

మాంసం కూర వండుకునే ఇళ్ళలో మూలుగ అంటే తెలియనివారుండరు. ఎముక లోపలి ఆ మెత్తని పదార్థమే మన రక్తానికి పుట్టినిల్లు. ఎర్ర కణాలు, తెల్ల కణాలు, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు అక్కడే పుడతాయి. రక్త క్యాన్సరు వచ్చినవారికి, తలసీమియాతో పుట్టిన బిడ్డలకు ఆ పుట్టినింట్లోనే లోపం ఉంటుంది. అప్పుడు వైద్యులు బలమైన మందులతో, కొందరికి రేడియేషన్‌తో, ఆ మూలుగను తుడిచివేస్తారు. తరువాత ఆరోగ్యవంతుల మూలుగ కణాలను రక్తం ఎక్కించినట్టే నరంలోకి ఎక్కిస్తారు. అవి దారి వెతుక్కుంటూ ఎముకలలోకి చేరి అక్కడ కొత్త కాపురం పెడతాయి.

ఈ వైద్యానికి 1950లలో దారి వేసిన అమెరికా వైద్యుడు డొనాల్ థామస్ 1990లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. మన దేశంలో 1983లో బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో, 1986లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ఇది మొదలైంది. హెచ్.ఎల్.ఎ. అనే కణ గుర్తులు పూర్తిగా కలిసిన దాత దొరకడం మంచిది. సొంత అన్నదమ్ములలో, అక్కచెల్లెళ్ళలో ఒక్కొక్కరికి ఆ అవకాశం నూటికి 25 మాత్రమే. తల్లి, తండ్రి, బిడ్డ అయితే కనీసం సగం గుర్తులు తప్పక కలుస్తాయి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మూత్రపిండం మార్చినప్పుడు రోగి శరీరం కొత్త అవయవాన్ని పరాయిదని తోసివేయవచ్చు. మూలుగ విషయంలో అది తిరగబడుతుంది. దాత మూలుగతోపాటు దాత రక్షణ కణాలు కూడా వస్తాయి. వీటిలో ముఖ్యమైనవి టి-కణాలు. మనలో ప్రతి ఒక్కరికీ రొమ్ము ఎముక వెనుక థైమస్ అనే గ్రంథి ఉంది. అది టి-కణాలకు బడి లాంటిది. ఆ బడిలో చేరిన కణాలలో నూటికి 95కు పైగా బయటికి రాకుండా అక్కడే చనిపోతాయి. కొన్నిటికి ఏదీ గుర్తుపట్టే శక్తి ఉండదు. కొన్ని సొంత శరీరాన్నే శత్రువుగా చూస్తాయి. ఆ పరీక్షలో నెగ్గినవే రక్తంలోకి వస్తాయి. అయితే దాత కణాలు చదివింది దాత శరీరమనే బడిలో. రోగి శరీరం వాటికి తెలియదు. అందుచేత అవి రోగి చర్మం మీద, పేగుల మీద, కాలేయం మీద దాడి చేస్తాయి. అద్దెకు దిగినవాడు ఇంటి యజమానినే వెళ్ళగొట్టినట్టు. ప్రాణాలు తీసే జబ్బు ఇది.

దీనికి అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు అభివృద్ధి చేసిన పద్ధతి ఒకటి ఉంది. మార్పిడి జరిగిన మూడవ, నాలుగవ రోజున సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు ఇస్తారు. ఆ మూడు రోజులలో, రోగి శరీరాన్ని శత్రువుగా పసిగట్టిన దాత టి-కణాలు ఆవేశంతో వేగంగా విభజన చెందుతూ ఉంటాయి. విభజనలో ఉన్న కణాన్ని ఆ మందు గట్టిగా దెబ్బ కొడుతుంది. అప్పుడు కణం లోపల ఉన్న చావు ఏర్పాటు మేల్కొంటుంది. నిదానంగా ఉన్న మూలకణాల దగ్గర ఆ మందును విరిచే ఎంజైము ఉంది కాబట్టి అవి తట్టుకుంటాయి. చావని టి-కణాల పొగరు కూడా తగ్గుతుంది. వాటిని అదుపులో ఉంచే నియంత్రణ కణాలు పైచేయి సాధిస్తాయి. ఈ పద్ధతి వల్లనే సగం గుర్తులు కలిసిన తండ్రి, తల్లి, తోబుట్టువు కూడా నేడు దాత కాగలుగుతున్నారు. కొన్ని కణాలు సమయానికి రాలిపోవడం వల్ల ఎన్నో ఇళ్ళలో దీపం నిలిచింది.

అయితే చావు ఎక్కువైనా ప్రమాదమే. మార్పిడి తరువాత కోలుకుంటున్న రోగులలో టి-కణాలు మామూలు కంటే తొందరగా చనిపోతున్నాయని 1990లలోనే పరిశోధకులు గమనించారు. ఎడతెగని ప్రేరణకు గురై అలసిన కణాలవి. రోగి నెలల తరబడి, పెద్ద వయసువారైతే ఏడాదికి పైగా, రోగాలకు సులువుగా లోబడిపోయే స్థితిలో ఉండడానికి ఇదీ ఒక కారణం. చిన్నప్పుడు వేయించుకున్న టీకాలను వారు మళ్ళీ మొదటి నుండి వేయించుకోవాలి.

చావడానికి నిరాకరించే కణాలూ ఉన్నాయి. బి.సి.ఎల్-2 అనే జన్యువు అదుపు తప్పితే కణం చావును వాయిదా వేస్తూ పోతుందని 1988లో తెలిసింది. కొన్ని రక్త క్యాన్సర్లకు అదే బలం. ఆ బలాన్ని విరిచి, క్యాన్సరు కణానికి మరచిపోయిన చావును గుర్తుచేసే వెనెటోక్లాక్స్ మందుకు 2016లో అమెరికాలో అనుమతి వచ్చింది. చావవలసిన రక్షణ కణాలు చావకుండా పేరుకుపోయి, పసిపిల్లలకు ప్లీహం, శోషరస గ్రంథులు ఉబ్బిపోయే జబ్బుకు ఫాస్ అనే జన్యువులోని లోపం కారణమని 1995లో తేలింది. కాబట్టి సంగతి ఇది: దేహంలో చావవలసిన కణం చావకపోయినా జబ్బే, బతకవలసిన కణం చచ్చినా జబ్బే.

పోలిక ఎక్కడ తెగుతుంది?

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. కణం త్యాగం చేసిందా? లేదు. త్యాగం చేయాలంటే 'నేను' అనేవాడు ఉండాలి, కాదనే స్వేచ్ఛ ఉండాలి. కణానికి రెండూ లేవు. అది దేహం కోసమే ఉంది. దేహం లేనిదే దానికి అర్థం లేదు. దానిని చంపమని మందు ఇచ్చే వైద్యుడు ఏ పాపమూ చేయడు. దాని అనుమతి అడగనవసరం లేదు.

మనిషి సంగతి వేరు. మనిషి కుటుంబంలో పుడతాడు, సంఘంలో బతుకుతాడు, అవి లేకుండా ఎదగడు. అది నిజమే. కాని కణం దేహంలో భాగమైనట్టు మనిషి కుటుంబంలో భాగం కాదు. ప్రతి మనిషీ తానే ఒక పూర్ణం. కుటుంబానికి పనికివచ్చినా రాకపోయినా అతని విలువ తగ్గదు. అందుకే సంఘాన్ని దేహంతో పోల్చినప్పుడల్లా ఒక ప్రశ్న అడగాలి. ఈ పోలిక చెబుతున్నది ఎవరు? వింటున్నది ఎవరు?

పూర్వం రోము నగరంలో బీదప్రజలు అలిగి ఊరు విడిచి వెళితే, మెనేనియస్ అగ్రిప్పా అనే పెద్దమనిషి వారికి కడుపు, అవయవాల కథ చెప్పి వెనక్కు రప్పించాడని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. కథ బాగానే ఉంది. చెప్పింది మాత్రం కడుపు తరఫువారు, విన్నది చేతుల తరఫువారు. మన దేశంలోనూ సమాజాన్ని ఒక పురుషుని దేహంగా వర్ణించి కొందరిని నోరుగా, కొందరిని పాదాలుగా చూపిన ఆలోచన ఉంది. అది ఎందరిని ఎంతకాలం పాదాల దగ్గరే ఉంచిందో మన విచారణలలోని చాలా కుటుంబాలకు ఎవరూ చెప్పనక్కరలేదు. జర్మనీలో నాజీలు జాతి మొత్తాన్ని ఒక దేహమన్నారు. వికలాంగులు, మానసిక రోగులు ఆ దేహానికి భారమన్నారు. 1939లో మొదలుపెట్టి రెండేళ్ళలోనే 70,000 మందికి పైగా అటువంటి నిస్సహాయులను విషవాయువుతో చంపారు. 1941 ఆగస్టు 3న మ్యున్‌స్టర్ పీఠాధిపతి ఫాన్ గాలెన్ దీన్ని హత్య అని బహిరంగంగా ఖండించారు. పని చేయలేనివారిని చంపవచ్చని ఒప్పుకుంటే రేపు ముసలితనంలో మనందరి గతీ అంతేనని ఆయన హెచ్చరించారు.

పునీత పౌలుగారు కూడా కొరింతీయులకు రాసిన మొదటి లేఖ 12వ అధ్యాయంలో దేహం పోలికనే వాడారు. కాని దాన్ని తిరగేసి వాడారు. బలహీనంగా కనిపించే అవయవమే మరీ అవసరమన్నారు, గౌరవం తక్కువ దొరికిన దానికే ఎక్కువ గౌరవం ఇవ్వాలన్నారు. బలహీనుడిని వదిలించుకోవడానికి ఆ పోలిక పనికిరాదు.

యోహాను సువార్తలో ఒకే చావును గురించి రెండు మాటలు వినిపిస్తాయి. జాతి అంతా నశించకుండా ఒక్కడు పోతే మేలని ప్రధానార్చకుడు కైఫా లెక్క వేశాడు. తన ప్రాణాన్ని ఎవరూ తీసుకోవడం లేదని, తానే ధారపోస్తున్నానని ప్రభువు అన్నారు. బయటినుండి చూస్తే సిలువ ఒక్కటే. కాని మొదటిది ఎదుటివాని ప్రాణంతో వేసిన లెక్క, రెండవది తన ప్రాణంతో ఇచ్చిన కానుక. త్యాగం అనే మాట రెండవ చోటనే సత్యం. 'నేను తప్పుకుంటాను' అని ఎవరికి వారు అనుకుంటే అది ధర్మం. 'నువ్వు తప్పుకో' అని ఎదుటివారిని ఒప్పించడానికి అదే మాట వాడితే అది కైఫా లెక్క.

మన ఇళ్ళలో

ఇది పెద్దల చరిత్ర, మనకెందుకు అనుకోవద్దు. ఇంట్లో ఒకరికి మూలుగ కావలసి వచ్చిన రోజున ఈ లెక్క మన గుమ్మంలోకి వస్తుంది.

ముందుగా దాత సంగతి చూద్దాం. మూలుగ ఇవ్వడం ప్రాణం ఇవ్వడం కాదు. మత్తు ఇచ్చి తుంటి ఎముక నుండి సూదితో తీస్తారు. లేదా కొన్ని రోజులు సూదిమందు ఇచ్చి, యంత్రం ద్వారా రక్తం నుండే మూలకణాలను వేరుచేస్తారు. నడుము కొన్నాళ్ళు నొప్పి పెడుతుంది. తీసిన మూలుగ కొన్ని వారాలలో మళ్ళీ ఊరుతుంది. అందువలన ధైర్యంగా ముందుకు రావాలని అందరినీ ప్రోత్సహించవచ్చు. అవయవదానం నీతిబద్ధంగా జరిగినప్పుడు అది నిత్యజీవితంలోని వీరత్వమని పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు 1995 నాటి 'ఎవాంజెలియుం వీతే' విశ్వలేఖలో మెచ్చుకున్నారు.

ఎదుటివారికి చెప్పరాదంటే మరి రోగి మూలుగ అడగనే కూడదా అని మీరు ప్రశ్నించవచ్చు. అడగవచ్చు, అడగాలి. అడగడం వేరు, లాక్కోవడం వేరు. 'లేదు' అనే జవాబుకు చోటు ఉంచినదే అడగడం. అత్తవారింట్లో ఉన్న ఆడబిడ్డను పుట్టింటివారంతా చుట్టుముట్టి, 'నీ తమ్ముడు చస్తే ఆ పాపం నీదే' అంటే ఆమె ఇచ్చినది దానం కాదు, కట్టిన జరిమానా. దాతను వేరొక వైద్యుడు విడిగా పరీక్షించి, ఎవరూ లేనప్పుడు ఆమె మనసు తెలుసుకోవడం మంచి పద్ధతి. ఆమె వద్దంటే ఆ సంగతి బయటపడకుండా చూడడమూ ధర్మమే.

పసిబిడ్డ దాత అయినప్పుడు ప్రశ్న ఇంకా బరువైనది. ఆరేళ్ళ చెల్లి అన్నకు మూలుగ ఇవ్వాలంటే ఆమె అవుననలేదు, కాదనలేదు. అమ్మా నాన్నలే నిర్ణయించాలి. వారు నిర్ణయించవచ్చుననే నా నమ్మకం. అపాయం తక్కువ, మూలుగ మళ్ళీ ఊరుతుంది, అన్న బతకడం ఆ చెల్లికీ మేలే. కాని వారు ఇద్దరికీ తల్లిదండ్రులు. రోగికి మాత్రమే తల్లిదండ్రులై ఈ బిడ్డను మందుల పెట్టెగా చూడరాదు. ఏం జరగబోతుందో ఆమెకు అర్థమయ్యే మాటలలో చెప్పాలి. భయమేస్తే ఏడవనివ్వాలి. ఆసుపత్రిలో అందరూ అన్న మంచం చుట్టూ చేరినప్పుడు ఈమె పక్కన కూడా ఒకరు కూర్చోవాలి. మార్పిడి ఫలించకపోతే, ఇచ్చిన మూలుగ మంచిదేనని, తప్పు తనది కాదని ఒకసారి కాదు, పదిసార్లు చెప్పాలి. తన కణాలే అన్నను చంపాయని లోపల్లోపల కుమిలిపోయే బిడ్డకు ఆ మాట చెప్పేవారు కావాలి.

మరొక మెట్టు ఉంది. 2000లో అమెరికాలో, జబ్బుతో ఉన్న అక్కకు దాత కావడానికి తగిన బిడ్డనే ఎంచుకుని కన్నారు. ప్రయోగశాలలో పిండాలను తయారుచేసి, గుర్తులు కలిసిన దానిని గర్భంలో ఉంచే పద్ధతి అది. కలవని పిండాలకు అలా చోటు దొరకదు. శ్రీసభ దీన్ని అంగీకరించదు. ఇక్కడ కణాలను ఏరినట్టే మనుషులను ఏరుతున్నాము. థైమస్‌లో ఓడిన కణం రాలిపోవడం న్యాయమే, కాని బిడ్డ పుట్టడానికి ముందే పరీక్ష నెగ్గాలనడం న్యాయం కాదు. 1988లో పారిస్‌లో జరిగిన మొదటి బొడ్డుతాడు రక్తం మార్పిడిని దీనితో పోల్చి చూడండి. అప్పటికే తల్లి కడుపులో పెరుగుతున్న చెల్లి పుట్టినప్పుడు, పారవేసే బొడ్డుతాడులోని రక్తంతో ఆమె అన్నకు వైద్యం చేశారు. ఆ బిడ్డను ఎవరూ ఏరలేదు. ఒక మాట మరువకూడదు. ఎంచుకుని కన్న బిడ్డ కూడా దేవుని బిడ్డే. పద్ధతిని కాదన్నంత మాత్రాన ఆ బిడ్డను, బిడ్డను పోగొట్టుకోలేక అల్లాడిన ఆ తల్లిని తూలనాడే హక్కు మనకు లేదు.

చివరిది ముసలివారి సంగతి, ఖర్చు సంగతి. 'ఉన్న ఎకరం అమ్మి నాకు వైద్యమెందుకు, పిల్లల చదువుకు ఉంచండి' అని ఒక తాత తానై అంటే, అది ప్రేమతో అన్న మాట కావచ్చు. భారమైన వైద్యాన్ని వద్దనుకునే హక్కు ఆయనకు ఉంది. అయితే ఆ మాట ఆయన నోట రావడానికి ముందు మన ముఖాలు ఆయనకు ఏం చెప్పాయి? మందుల చీటీ చూసి మనం విసిరిన చూపులు, పక్క గదిలో ఆయనకు వినపడేలా వేసిన లెక్కలు ఆయన చేత ఆ మాట అనిపించలేదు గదా? కొడుకైతే పొలం అమ్మి, కూతురైతే ప్రార్థనతో సరిపెట్టే ఇళ్ళలో కూడా ఇదే లెక్క నడుస్తున్నది. డబ్బు లేక చేయలేకపోవడం పాపం కాదు. ఉన్న కొద్దిదాన్ని పంచేటప్పుడు ఒకరి ప్రాణం తక్కువదని తూచడం పాపం.

కాబట్టి మొదట చెప్పుకున్న నీతిని పారవేయనవసరం లేదు. తప్పుకోవలసిన వేళ తప్పుకోవడం గొప్పదే. అధికారం వదలలేని పెద్దలు, పాత పగను చావనివ్వని మనసులు కుటుంబాన్ని లోపలినుండి కాల్చివేయడం మనం చూస్తూనే ఉన్నాం, ఆవేశం చల్లారని టి-కణాలలాగే. ఆ పాఠం నాకు నేను చెప్పుకుంటాను, మీకు మీరు చెప్పుకోండి. బలహీనుడి మంచం దగ్గర నిలబడి మాత్రం దాన్ని వల్లించవద్దు. అక్కడ అడగవలసినది ఒక్కటే: 'నీకేం కావాలి? నేనేం ఇవ్వగలను?'